అప్‌డేట్: మధుపర్కం చీర మీద గులాబీ మరకలు పోయాయి

మా చెల్లి పెళ్లి ఫొటోల్లో మధుపర్కం చీర మీద ఎండ పడిన చోటల్లా తెలుపు బదులు గులాబీ మరకలు వస్తున్నాయని, డార్క్‌టేబుల్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రా ఫైళ్లు (కెమెరా ప్రాసెస్ చేయకుండా ఇచ్చే ఫైళ్లు) ఎడిట్ చేస్తూ ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, అది సర్దుకుంది. జవాబిచ్చిన వాళ్లందరికీ థాంక్స్.

పనిచేసింది హైలైట్ రీకన్‌స్ట్రక్షన్ (వెలుగు ఎక్కువై వివరాలు పోయిన చోట్లను సరిచేసే మాడ్యూల్) వాడమన్న సలహానే, కానీ చిన్న మెలిక ఉంది. అందులో ఇన్‌పెయింట్ అపోజ్డ్ అనే పద్ధతి డార్క్‌టేబుల్ 4.2 వెర్షన్ నుంచి డిఫాల్ట్, నాకూ ఆన్‌లోనే ఉంది, అయినా గులాబీ పోలేదు. అదే మాడ్యూల్‌లో క్లిప్పింగ్ థ్రెషోల్డ్ (ఏ స్థాయి దాటితే పిక్సెల్ నిండిపోయినట్టు లెక్కించాలో చెప్పే సెట్టింగ్) కొంచెం తగ్గించగానే పోయింది. ఈ కెమెరాకి సాఫ్ట్‌వేర్ తీసుకున్న వైట్ పాయింట్ (సెన్సర్ నిండినట్టు అది అనుకునే స్థాయి), సెన్సర్ నిజంగా నిండే స్థాయి కంటే ఎక్కువగా ఉంది, అందుకే నిండిపోయిన పిక్సెళ్లను అది గుర్తించట్లేదు. ఆకుపచ్చ ఛానెల్ ముందే నిండి ఆగిపోతుంది, వైట్ బ్యాలెన్స్ మాత్రం ఎరుపు, నీలాలను పెంచేస్తుంది, దాంతో గులాబీ. థ్రెషోల్డ్ దించుతూ మరక మాయమయ్యే దగ్గర ఆపేయండి, ఇంకా దించితే బాగున్న పిక్సెళ్లను కూడా మార్చేస్తుంది.

ఈ మరకలకి మానిటర్ కాలిబ్రేషన్‌తో (తెర రంగులు సరిచేయడం) గానీ లెన్స్‌తో గానీ సంబంధం లేదు. ఎక్స్‌పోజర్ తగ్గిస్తే మరక ఇంకా ముదురుగా కనిపించింది, అంతే.

నిండిపోయిన పిక్సెళ్లను చూపించే రా క్లిప్పింగ్ ఇండికేటర్ పెట్టి చూస్తే భుజం దగ్గర మూడు రంగుల ఛానెళ్లూ నిండిపోయాయి. అక్కడ అదే మాడ్యూల్‌లోని గైడెడ్ లాప్లాసియన్స్ అనే ఇంకో పద్ధతి కూడా పెట్టి చూశా, ల్యాప్‌టాప్ నెమ్మదించింది తప్ప చీర నేత తిరిగి రాలేదు. ఆ ముక్క తెల్లగానే వదిలేశా, ఆల్బమ్ ప్రింట్‌లో ఎవరూ పట్టించుకోలేదు.