ఒకటో తరగతిలో ముందు వర్ణమాలా, పదాలా?

పలకాబలపం:
ఇంట్లో కూర్చోబెట్టి చదివించేవాళ్లు లేని పిల్లల సంగతే మాట్లాడదాం. బడిలో దొరికేదే వాళ్ల చదువు. ఆ సమయాన్ని అ ఆల వల్లెకు పోయడం దండగ. వరసలో పోతే ఋ, ఐ, ఔ, అః అన్నీ దాటాకగానీ 'క' రాదు. అదే ల, వ, త, ప, ట, డ, క, గలకు అ, ఆ, ఈ, ఉ కలపండి. మొత్తం 12 అక్షరాలు. వల, తల, ఆట, ఈగ, కడవ, పడవ, ఉడత అన్నీ వచ్చేస్తాయి.

గుణింతం:
బొమ్మ చూపించి పదం నేర్పే ఈ పద్ధతి ఎక్కడ బోల్తా పడుతుందో చెప్తాను. అరక బొమ్మ, కింద 'అరక' అన్న మాట. పిల్లాడు 'నాగలి' అంటాడు. ఓడ బొమ్మ చూసి 'పడవ' అంటాడు. అక్షరం జోలికే పోలేదన్నమాట. 'ఓడ' అని దిద్దితే మర్నాటి నుంచి ఠక్కున ఓడ అంటాడు, టీచరేమో చదివాడనుకుంటారు.

ఇంకోటి. ఒక్కో హల్లుకు 12 రూపాలు వేసుకున్నా మొత్తం 400 దాటుతాయి, వత్తులు వేరే. పదాల్లో ఎదురైనప్పుడు చూద్దాంలే అంటే ఎప్పటికి తెమిలేను? మన లిపికి తోబుట్టువులాంటి కన్నడంలోనే అక్షరాల మీద పట్టు నాలుగో తరగతి దాకా సాగుతుందని పరిశోధకురాలు సోనాలి నాగ్ 2007 అధ్యయనం.

పలకాబలపం:
గుణింతం వద్దనలేదు సార్, పాట వద్దంటున్నా. 'గు' చూపిస్తే 'గ గా గి గీ' అని మొదట్నుంచి పాడుకుంటూ వచ్చి అక్కడ ఆగే పిల్లకు గు వచ్చినట్టా?

తండాబడి:
లంబాడీ, కోయ ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు 'ఉడత' అన్న మాటే కొత్త కావచ్చు. మూడు అక్షరాలూ కూడబలుక్కున్నా అది ఏ జంతువో తట్టదు. ముందు ఇంటి మాట, దాని పక్కన తెలుగు మాట నోటితో పలికించాలి, అక్షరం ఆ తర్వాత. ఇది చెయ్యకుండా మీ రెండు పద్ధతులూ ఒకటే.

గుణింతం:
ఒప్పుకుంటాను మేడమ్. పాట మాటకొస్తే, చార్టును అడ్డంగానే చదివించడం వల్ల వచ్చిన తిప్పలది. నిలువుగా చదివించండి: కి, గి, తి, పి. గుడి గుర్తు చేసే పని అప్పుడు కంటికి తెలుస్తుంది. దీర్ఘం తప్పుతుంటే జంటలివ్వండి: మెడ–మేడ, పడు–పాడు. 'మ', 'వు' ఒకే రోజు వద్దు. 'వ' పక్కన కొమ్ము పెడితే 'మ'లాగే ఉంటుంది, అందుకే 'వు'కు కొమ్ము కిందికి పోయింది. ఈ కారణం పెద్దవాళ్లలోనే చాలామందికి తెలియదు!

కొలబద్ద:
చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పే కేంద్రం పథకం నిపుణ్ భారత్ లెక్కలో రెండో తరగతికి నిమిషానికి 45–60 పదాలు. 'వెళ్లిపోయాడట' మనకు ఒక్క పదం, హిందీలో అదే నాలుగైదు అవుతుంది. గడియారం పెట్టి కొలిస్తే తెలుగు పిల్లలు వెనకబడ్డట్టు కనిపించరూ?

పలకాబలపం:
అది ఇంకో చర్చలో తేల్చుకుందాం. బొమ్మ చూసి చెప్పేస్తున్నారన్నదానికి విరుగుడు మాత్రం ఇది: బొమ్మ తీసేసి అక్షరాలు తారుమారు చెయ్యండి. 'తల' నేర్పాక 'లత' రాయండి. 'పలక' నేర్పాక 'కలప'. అప్పుడూ 'పలక' అన్నవాడికి మళ్లీ ప, ల, క విడివిడిగా.