సమస్య: "అర్థహీనమైన దందమయ్యె"

పృచ్ఛకురాలు, విజయనగరం:

ఈ వారం సమస్య, అంటే మీరు పైన మూడు పాదాలు రాసి పూరించాల్సిన పాదం, ఆటవెలదిలో నాలుగోది. అయిదూ సూర్యగణాలే, అంటే మూడేసి మాత్రల చిన్న ముక్కలే. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జతపడే అక్షరం, ఎక్కడా అని కొత్తవాళ్ళు తడుముకోవద్దు. "అర్థహీనమైనది + అందమయ్యె" అని విడదీస్తే నాలుగో గణంలో దాగిన అకారం కనిపిస్తుంది. అదే మొదటి అక్షరంతో యతి.

ఈ పాదం ఎందుకిచ్చానో చెప్పాలి. మా ఊళ్ళో అమ్మవారి జాతరకు ఏటా రాయబారం ఆడించేవారు. నాకు పదకొండేళ్ళప్పుడు కృష్ణుడి వేషం కట్టినాయన రెండు పాదాలు బ్రహ్మాండంగా నడిపించి మూడో పాదం మరిచిపోయాడు. మరిచిపోయాడని మాకెవరికీ తెలియలేదు. ఆ పద్యం నోటికొచ్చిన మా నాన్నకు ఒక్కడికే తెలిసింది. నా చెయ్యి గట్టిగా నొక్కాడు. ఆ నటుడు ఆగలేదు. కండువా అంచు రెండు వేళ్ళతో పట్టుకుని, కుడిచెయ్యి మెల్లగా పైకెత్తి, ఏ నిఘంటువులోనూ దొరకని అక్షరాలు వరసగా పాడుకుంటూ పోయాడు. గణాలు చక్కగా నడిచాయి. యతి దగ్గర విరుపు పడింది. హార్మోనియం ఆయన కూడా తల ఊపాడు. నాలుగో పాదంలో అసలు పద్యానికి వచ్చేసరికి జనం వన్స్ మోర్ అని కేకలు. అప్పుడాయన మళ్ళీ ఎత్తుకుని మూడో పాదం మొదటిసారి ఏ అక్షరాలు పలికాడో అవే అక్షరాలు పొల్లుపోకుండా పలికాడు. నాన్న నవ్వలేదు, లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

అర్థం లేని మాటను నటుడు నోరారా పలికితే వినేవాడికి కలిగే ఆనందం ఎక్కణ్ణుంచి వస్తుంది? పూరణలు ఈ చుట్టుపక్కలే ఉండాలని నియమం పెట్టడం లేదు. ఉంటే సంతోషిస్తాను.

వరంగల్ సభ్యుడు:

నా పూరణ. 1957 నాటి మాయాబజార్ గుర్తుకొచ్చి రాసింది.

అసమదీయుల కొక తసమదీయుని గూర్చి
రంగరావు పల్క రంగుదేరె
వీర తాడు పడియె వినువారి మెడలోన
అర్థహీనమైన దందమయ్యె

తెనాలి మాస్టారు:

బాగుంది నాయనా. మొదటి పాదంలో అస-తస ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలవడం) వెతికి పెట్టినట్టు లేదు, దానంతటదే వచ్చి కూర్చుంది. మూడో పాదం ఇంకా బాగుంది. ఘటోత్కచుడు శిష్యుడికి వేయించిన వీరతాడును నువ్వు తెచ్చి ప్రేక్షకుల మెడలో వేశావు.

కానీ ఒక చిక్కుంది. "గూర్చి పల్క" అంటే ఆ మాటను రంగారావుగారే కూర్చినట్టు అవుతుంది. మాట పింగళి నాగేంద్రరావుగారిది. సినిమాలో కూడా మొదట అన్నది శిష్యుడే. మాటలు ఎవరో ఒకరు పుట్టించాల్సిందే కదా అని మెచ్చుకున్నవాడు ఘటోత్కచుడు. కాబట్టి "తసమదీయుడు పుట్ట" అను. గణం అదే, సత్యం కూడా నిలబడుతుంది.

అసమదీయుల కొక తసమదీయుడు పుట్ట
రంగరావు పల్క రంగుదేరె

వరంగల్ సభ్యుడు:

సవరణ శిరోధార్యం మాస్టారూ. ఆ సీను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. రంగారావుగారు ఆ మాట విని ఒక్క క్షణం నోట్లో బెల్లంముక్క వేసుకున్నట్టు చప్పరిస్తారు చూడండి, ఆ తర్వాతే మెచ్చుకుంటారు. నాకు ఆ క్షణమే ఇష్టం.

గుంటూరు సభ్యురాలు:

నటుని గొంతులోన నాట్యమాడెను పల్కు
తాళ మొకటె చాలు తలల నూప
చెవులు విన్న వెంట చిందులేసెను మది
అర్థహీనమైన దందమయ్యె

తెనాలి మాస్టారు:

అమ్మా, ధార ఉంది. రెండో పాదం నాకు నచ్చింది. అయితే మొదటి పాదంలో పలుకు నాట్యమాడింది, మూడో పాదంలో మనసు చిందులేసింది. చిన్న పద్యంలో రెండు డాన్సులు ఎక్కువ. "చిందులేసె" వ్యావహారికం, "చిందులాడె" అంటే సరిపోతుంది. మొదటి పాదంలో ఆటకు బదులు ఇంకేదైనా చెయ్యనివ్వండి ఆ మాటని. నటుడి గొంతులో మాటకు ఏమవుతుంది? ఆలోచించండి.

గుంటూరు సభ్యురాలు:

రాత్రంతా ఆలోచించాను మాస్టారూ. పొద్దున పప్పు నానబెడుతుంటే తట్టింది.

నటుని గొంతులోన నానె నక్షరములు
తాళ మొకటె చాలు తలల నూప
చెవులు విన్న వెంట చిందులాడెను మది
అర్థహీనమైన దందమయ్యె

పృచ్ఛకురాలు, విజయనగరం:

"నానె నక్షరములు" దగ్గర ఆగిపోయానండీ. మా జాతర కృష్ణుడి గొంతులో జరిగింది సరిగ్గా అదే.

ప్రొద్దుటూరు సభ్యుడు:

అర్థం అంటే డబ్బు కూడా కదా. నేను ఆ దారిన వెళ్ళాను.

జేబు చూడ సున్న జేజేలు మాత్రమే
నాటకాల వాని నడత నెంచ
పద్యమెత్తినంత బ్రతుకు వెన్నెల కాసె
అర్థహీనమైన దందమయ్యె

1885లో సురభి నాటకాలు పుట్టింది మా కడప జిల్లాలోనే. ఆ కుటుంబాల గురించి వింటూ పెరిగినవాణ్ణి, నాకు ఈ సమస్య చూడగానే డబ్బే తోచింది.

తెనాలి మాస్టారు:

శ్లేష పండింది. యతికి ప-బ మైత్రి చెల్లుతుంది. పూరణగా దోషం లేదు.

తెనాలి సభ్యుడు (మాస్టారి పాత విద్యార్థి):

రామకృష్ణుడి ఊరివాళ్ళం, ఆ కథ లేకపోతే ఎలా? ఎవరెంత వేగంగా చెప్పినా రాసేస్తానని గొప్పలు పోయిన పండితుడి ముందు "తృవ్వట బాబా" అని మొదలుపెట్టాడని చాటుకథ. నాలుకతో చేసే ఆ చప్పుడును ఏ అక్షరంతో రాయాలో తెలియక ఆ పండితుడి చెయ్యి ఆగిపోయిందట.

వ్రాయరానిదేది వాయించె నాలుక
గంట మాగిపోయె కవుల సభను
చెవికి చిక్కె గాని చేతికి జిక్కదు
అర్థహీనమైన దందమయ్యె

తెనాలి మాస్టారు:

నా శిష్యుడని మొహమాటపడను. పద్యం ఇప్పటిదాకా వచ్చినవాటిలో నడక రీత్యా మేలైనది. "వాయించె నాలుక" అనడంలో నాలుక మద్దెల అయింది. గం-క యతి సరే.

అభ్యంతరం ఒకటే. ఆ చాటువు అర్థహీనం కాదురా. తలమీద పువ్వు జాబిల్లి, కట్టుబట్ట బూడిద, తినే బువ్వ చేదు. చివరికి "హరునకు జేజే" అని శివుడికి దండం పెట్టాడు కవి. పసిపిల్లల మాటలతో చేసిన స్తుతి అది. వినగానే అర్థం లేనట్టుంటుంది, తరవాత ఉందని తెలుస్తుంది.

తెనాలి సభ్యుడు (మాస్టారి పాత విద్యార్థి):

నిజమే మాస్టారూ. నేను మొదటి చప్పుడు ఒక్కదాన్నే ఉద్దేశించాను. చిన్నప్పుడు మీరు క్లాసులో ఆ పద్యం చదివినప్పుడు మాకు శివుడు కనిపించలేదు. మీ మూతి తిరిగిన తీరే కనిపించింది. వారం రోజులు మేమంతా ఆ చప్పుడు చేస్తూ తిరిగాం. అర్థం మీరు చెప్పింది ఆ తరవాతే.

ఖరగ్‌పూర్ సభ్యురాలు:

మాది రైల్వే కుటుంబం. ఖరగ్‌పూర్ క్వార్టర్లలో ఇంటా బయటా తెలుగు వినిపించేది, బజార్లో మాత్రం బెంగాలీ. బెంగాలీ కవి సుకుమార్ రాయ్ తమాషా పద్యాల పుస్తకం ఆబోల్ తాబోల్ అక్కడ పిల్లలందరికీ కంఠస్థం. 1923లో ఆయన పోయిన తొమ్మిది రోజులకు అచ్చయిన పుస్తకం అది. 1987లో సత్యజిత్ రాయ్ తన తండ్రి మీద తీసిన డాక్యుమెంటరీకి గొంతు సౌమిత్ర చటర్జీది. పక్కింటి వాళ్ళ టీవీలో చూశాను. సగం మాటలు తెలియవు. అయినా ఆ గొంతు వింటూ కూర్చుండిపోయాను.

బెంగ తీరె నాకు బెంగాలి నటు నోట
భాష రాని వేళ భావమేల
పదము పదము తాకి పకపక నవ్వించ
అర్థహీనమైన దందమయ్యె

తెనాలి మాస్టారు:

అమ్మా, "భాష రాని వేళ భావమేల" చాలా అందమైన పాదం. అందమైనది కాబట్టే దానితో పోట్లాడాలి.

బొత్తిగా రాని భాషలో ఏది చెప్పినా మనకు అర్థహీనమే. రైలు టైము చెప్పినా అంతే. దాన్ని సంగీతంలాగా వినవచ్చు. కానీ తసమదీయులు అనగానే వచ్చే ఆనందం అది కాదు. అక్కడ "దీయులు" అనే తోక మనకు తెలుసు. అసమదీయులూ తెలుసు. తెలిసిన తోకకు తెలియని తల అతికించాడు, అందుకు నవ్వొచ్చింది. తెలుగు రానివాడికి ఆ మాట వినిపిస్తే మొహం తెల్లగా పెడతాడు. ఆబోల్ తాబోల్‌లో బాతునూ ముళ్ళపందినీ కలిపి హాఁస్‌జారు అన్న జంతువును పుట్టించాడని విన్నాను. అది వినడానికి హాఁస్ తెలియాలి, సజారు తెలియాలి. వ్యాకరణం ఒప్పుకోను అని ఆ కవి అక్కడే చెబుతాడట. వ్యాకరణం ఎరిగినవాడే ఆ మాట అనగలడు, ఎరిగినవాడికే ఆ మాట రుచి.

జాతర కృష్ణుడు కూడా అంతే. ఆయన అక్షరాలు పోగొట్టుకున్నాడు గానీ గణం పోగొట్టుకోలేదు, యతి పోగొట్టుకోలేదు, ముఖ్యంగా కోపం పోగొట్టుకోలేదు. రాయబారంలో కృష్ణుడికి ఆ చోట ఎంత కోపం రావాలో అంతా ఆ లేని మాటల్లో ఉండి ఉంటుంది. నటుడు తనకు అర్థం తెలిసినట్టే పలకాలి. రవ్వంత సందేహం కంట్లో కనిపించినా అది వట్టి గోల అయిపోతుంది.

ఖరగ్‌పూర్ సభ్యురాలు:

మీ మాట ఒప్పుకుంటున్నాను మాస్టారూ. నేను "భాష రాని వేళ" అన్నది నిజం కాదు. బజారు బెంగాలీ నాకు వచ్చు. బాతు తెలుసు, ముళ్ళపంది పేరు మాత్రం ఆ రోజే విన్నాను. పక్కింటి పిన్నిగారు చేతులతో ముళ్ళు చూపించి చెప్పారు. సగం తెలిసి సగం తెలియకపోవడమే అసలు సంగతి. రెండో పాదం మారుస్తున్నాను.

భాష సగము రాగ భావమేల

పృచ్ఛకురాలు, విజయనగరం:

మార్చాక బలం పెరిగింది. మొదటిదాన్ని కూడా నేను విడిగా రాసి పెట్టుకున్నాను, అది ఇంకో పద్యానికి పనికొస్తుంది.

డాలస్ సభ్యుడు:

అందరికీ నమస్కారం. పద్యం రాయడం ఇదే మొదలు, కొంచెం టెన్షన్‌గా ఉంది. మా తాతగారు గుడివాడ దగ్గర పల్లెలో నాటకాలు వేసేవారు. మాకు నిద్ర రాకపోతే కాళ్ళాగజ్జె కంకాళమ్మ చెప్పేవారు, అది కూడా స్టేజీ మీద చెప్పినట్టే.

కాళ్ళ గజ్జె యనుచు కంకాళమ్మను బిల్చి
తాత గొంతు మారె తాళగతిని
నిదుర రాని రేయి నిలువెల్ల నాటకం
అర్థహీనమైన దందమయ్యె

తెనాలి మాస్టారు:

రండి బాబూ. మొదటి పద్యానికి రెండు పాదాలు తప్పు లేకుండా రావడం చిన్న విషయం కాదు. "రేయి నిలువెల్ల నాటకం" చదివి ఇంట్లోవాళ్ళకు వినిపించాను.

మొదటి పాదంలో గణభంగం. నాలుగో గణం ఇంద్రగణం కావాలి. "కంకాళమ్మ" అన్నప్పుడు కం గురువు, కా గురువు, మ్మ ముందున్న ళ కూడా గురువు. వరసగా మూడు గురువులు ఇంద్రగణాల్లో ఎక్కడా లేవు. "కంకాళ బిలువంగ" అంటే తగణం, సలం అనే రెండు ఇంద్రగణాలు వచ్చి అతుకుతుంది.

నెల్లూరు సభ్యుడు:

ఆ పాట అర్థహీనం కాదండీ. కాళ్ళకు గజ్జి వస్తే వాడవలసిన మందుల వరస అది. వేగుచుక్క, వెలగమొగ్గ, మోదుగ నీడ అన్నీ మందులేనని వాట్సాప్‌లో వచ్చింది.

పృచ్ఛకురాలు, విజయనగరం:

నేనూ చూశానండీ ఆ మెసేజ్. "మొగ్గ కాదు మోదుగ నీడ, నీడ కాదు నిమ్మలబాయి" అని ఒక్కొక్క మాటనూ కాదు కాదు అంటూ కొట్టేసుకుంటూ పోయే పాట అది. చెప్పిన మందును వెంటనే కాదనే వైద్యుణ్ణి నేనెక్కడా చూడలేదు. పిల్లల కాళ్ళు వరసగా చాపించి, ఒక్కొక్క కాలూ తట్టుతూ మా అమ్మమ్మ ఆ "కాదు" దగ్గర కళ్ళు పెద్దవి చేసేది. ఆ పాటంతా ఆ "కాదు"లోనే ఉందని నా నమ్మకం.

నా పూరణ కూడా పెడుతున్నాను.

మరచినట్టి పాద మెరుగనీయక నాడు
రాగ మందె నిల్పె రసికసభను
వన్సుమోర టన్న వదలక యదె పాడె
అర్థహీనమైన దందమయ్యె

తెనాలి మాస్టారు:

మర-మెరు ప్రాసయతి ఒప్పు. వన్సుమోరు ఆటవెలదిలో ఇంత హాయిగా ఇముడుతుందనుకోలేదు.

డాలస్ సభ్యుడు:

మాస్టారూ, మీరు సవరించిన పాదంతో నిన్న రాత్రి తాతగారికి ఫోన్లో చదివి వినిపించాను. మొత్తం విన్నారు. "కంకాళ ఏమిట్రా, ఎవరో పరాయిదాన్ని పిలిచినట్టుంది. కంకాళమ్మ అను" అన్నారు. గణం సరిపోదు తాతా అని చెప్పాను. "నువ్వు ఫోను పెట్టకు" అని గొంతు సవరించుకుని, నా పాత పాదాన్నే రాగం తీసి పాడారు. కంకాళ దగ్గర రాగాన్ని సాగదీసి, ఆ అమ్మను ఎక్కడో మింగి మళ్ళీ బయటికి తీశారు. ఎనభై ఏడేళ్ళు ఆయనకు. గణం ఎక్కడ తప్పిందో నాకు వినపడలేదు.

తెనాలి మాస్టారు:

కాగితం మీద "కంకాళ" ఉంచండి. తాతగారు పాడింది రికార్డు చేసి ఇక్కడ పెట్టండి బాబూ.