"పరిత్యజింతురు" తర్వాత ఇంకో "రు" ఉందా?

రాజమండ్రి అక్క:
మా తమ్ముడికి బ్యాంకు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) ఇంటర్వ్యూ దగ్గర పడింది. నిన్న కోచింగ్‌లో మాక్ ఇంటర్వ్యూ పెట్టి, "ఐదేళ్ల తర్వాత ఎక్కడ ఉండాలనుకుంటున్నావు?" అని అడిగారట. "మేనేజర్‌గా ఉంటాను సార్" అన్నాడు. "మధ్యలో ఇంతకంటే మంచి ఉద్యోగం వస్తే?" అనేసరికి నోట మాట రాలేదు. రాత్రి అన్నం దగ్గర కూడా అదే టెన్షన్. వాడికి ధైర్యం చెబుదామని బడిలో బట్టీ పట్టిన పద్యం ఎత్తుకున్నాను. "ఆరంభింపరు నీచమానవులు విఘ్నాయాససంత్రస్తులై" వరకు బాగానే వచ్చింది. "ఆరంభించి పరిత్యజింతురు విఘ్నాయత్తులై మధ్యముల్" దగ్గర నడక కుంటుతోంది. ఏం పోయిందో చెప్పండి. ఈ పద్యం ఇంటర్వ్యూలో చెప్పొచ్చా అన్నది కూడా.

పెద్దాపురం మాస్టారు:
ఒక "రు" పోయిందమ్మా. శార్దూల వృత్తంలో పాదానికి 19 అక్షరాలు, మీ పాదంలో 18 ఉన్నాయి. "పరిత్యజింతు రురువిఘ్నాయత్తులై" అని చదవండి. పరిత్యజింతురు, ఉరువిఘ్న, ఆయత్తులై. ఉరు అంటే పెద్ద, ఆయత్తులై అంటే లొంగినవారై. 13వ అక్షరం "ఘ్నా" కావాలి, అందులోని ఆకారం పాదం మొదటి "ఆ"తో యతి, అంటే ఆ రెండు చోట్లా అక్షరాలు జత కుదరడం. "రు" తీసేస్తే ఆ చోట "య" పడుతుంది; "ఆ"కూ "య"కూ యతి చెల్లినా, గురులఘువుల వరస చెడుతుంది. ఈ పద్యాన్ని సంస్కృతం నుంచి తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి మా పెద్దాపురం సీమవాడు. ఆయన పద్యంలో అక్షరం పోతే మాకు ఇంట్లో వస్తువు పోయినట్టుంటుంది.

వరంగల్ నుంచి:
లెక్క ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ సంస్కృత మూలంలో భర్తృహరి అన్నది "ప్రారభ్య విఘ్నవిహతా విరమంతి మధ్యాః" అని మాత్రమే, అంటే మధ్యములు మొదలుపెట్టి, విఘ్నాల దెబ్బ తిని ఆగిపోతారని. అందులో పెద్ద విఘ్నం, చిన్న విఘ్నం అన్న తేడా లేదు. గణం నిండాలి కాబట్టి "ఉరు" వేశాడు. పాదపూరణం, అంతే.

పెద్దాపురం మాస్టారు:
అంతే అనకండి. వరసగా చూడండి. నీచుడికి ఆయాసం వస్తుందన్న బెదురు చాలు, అసలు మొదలే పెట్టడు. మధ్యముడు మొదలుపెడతాడు, చిన్నాచితకా వాటికి లొంగడు, పెద్దది మీద పడితే వదిలేస్తాడు. ధీరుడు దెబ్బ తింటూనే సాగుతాడు. ఆ "ఉరు" తీసేస్తే మధ్యముడు నీచుడి పక్కకు జారిపోతాడు. లక్ష్మణకవి మధ్యముణ్ని కాస్త దయగా చూశాడు. మనలో ఎక్కువమంది వాళ్లమే కదా.

వరంగల్ నుంచి:
దయ మీది మాస్టారూ, కవిది కాదు. అంత శ్రద్ధే ఉంటే మూడో పాదంలో "పునః పునరపి" ఎందుకు వదిలేశాడు? విఘ్నాలు మళ్లీ మళ్లీ కొడుతున్నా అన్న ఆ "మళ్లీ"లోనే మూలం బలమంతా ఉంది. దాని బదులు "ధృత్యున్నతోత్సాహులై" (ధైర్యంతో ఉప్పొంగే ఉత్సాహం కలవారై) అని మూలంలో లేనిది తెచ్చాడు.

తెనాలి చెల్లెలు:
"నిహన్యమానులగుచున్" అంటే దెబ్బలు తింటూ ఉండగానే అని కదా అన్నయ్యా? "అగుచున్"లోనే ఆ మళ్లీ మళ్లీ వచ్చేసింది. అనువాదంలో ఒక మాట పోయినా దాని పని ఇంకో మాట చేస్తే చాలు. లక్ష్మణకవిదే ఇంకో పద్యం "తివిరి యిసుమున దైలంబు దీయవచ్చు" చూడండి. తివిరి, తవిలి, తిరిగి, చేరి... ఆ నాలుగు క్రియలతో మనిషి పడే తిప్పలన్నీ కళ్లకు కట్టాడు. ఏలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన కూడా భర్తృహరిని తెలుగు చేశారు. కానీ జనం నోట నిలిచింది లక్ష్మణకవే.

వరంగల్ నుంచి:
బాలసరస్వతిని అంత తేలిగ్గా తీసేయొద్దు. "సురభిమల్లా! నీతివాచస్పతీ!" అని మకుటం పెట్టుకుని, పాదంలో అంత చోటు దానికే పోగా, మిగిలిన దాంట్లో మూలమంతా పట్టించినవాడు.

విశాఖ, రిటైర్డ్ బ్యాంకు మేనేజర్:
అబ్బాయి సంగతి కూడా చూద్దాం. ఐబీపీఎస్ (చాలా బ్యాంకులకు కలిపి పరీక్ష పెట్టే సంస్థ) పీఓలో మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 చొప్పున కలిపి మెరిట్ కడతారు. ఈ ప్రశ్నను తక్కువగా చూడొద్దు. ఐదేళ్ల తర్వాత ఎక్కడ అని అడిగేవాళ్ల మనసులో ఉండేది "శిక్షణ ఇచ్చాక వదిలేసి పోతావా?" అన్నదే. చాలా బ్యాంకులు బాండు రాయించుకునేది కూడా అందుకే. "మేనేజర్ అవుతాను" అంటే సరిపోదు, దారి చెప్పాలి. రెండేళ్లు ప్రొబేషన్, ఆ లోపు జేఏఐఐబీ, తర్వాత సీఏఐఐబీ (బ్యాంకు ఉద్యోగులు రాసే పరీక్షలు), పల్లె బ్రాంచిలో పంట రుణాలూ డ్వాక్రా సంఘాల ఖాతాలూ చూసిన అనుభవం, ఆపైన స్కేల్ టూ (మేనేజర్ హోదా). ఇందులో తనకు నిజంగా ఇష్టమైనది ఏదో ఒకటి గట్టిగా పట్టుకుని చెప్పమనండి. మంచి ఉద్యోగం వస్తే అన్నదానికి "ఎప్పటికీ వెళ్లను సార్" అనొద్దు, ఎవరూ నమ్మరు. ఈ పనిలోనే ఎదగడానికి దారి ఉందని తెలిసి వచ్చానని చెబితే చాలు. పద్యం మాత్రం వాళ్లు అడిగితేనే. "నీచమానవులు" అని ఎత్తుకుంటే వినేవాళ్లకు ఎలా తగులుతుందో చెప్పలేం.

తెనాలి చెల్లెలు:
అక్కడ నీచ అంటే తిట్టు కాదండీ, అధమ, మధ్యమ, ఉత్తమ వరసలో మొదటి మెట్టు. నా భయమంతా "ప్రారబ్ధార్థములు" దగ్గర. "నా ప్రారబ్ధం" అని తల కొట్టుకునే మాటే అందరికీ తెలుసు. ఉద్యోగం ప్రారబ్ధం అంటున్నాడేమిటి అనుకుంటే?

పెద్దాపురం మాస్టారు:
అది మన వాడుక చేసిన పని. ప్రారబ్ధం అంటే మొదలైనది. ప్రారంభం, ప్రారబ్ధం ఒకే ధాతువు. ఫలం ఇవ్వడం మొదలైన కర్మ కాబట్టి ప్రారబ్ధకర్మ. పద్యం "ఆరంభింపరు"తో మొదలై "ప్రారబ్ధార్థము లుజ్జగింపరు" దగ్గరకు రావడం చూశారా? ఎత్తుకున్న మాటనే చివర మళ్లీ పట్టుకున్నాడు.

రాజమండ్రి అక్క:
అందరికీ దండాలు. మేనేజరు గారి మాట వాడికి చదివి వినిపించాను. పల్లె బ్రాంచి దగ్గర ఆగాడు. మా నాన్న పంట లోను కోసం పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకు బయట వేపచెట్టు కింద కూర్చునేవారు, వాడు పక్కనే ఉండేవాడు. "అది చెప్పొచ్చా అక్కా?" అన్నాడు. పొద్దున్నుంచి "తురురు, తురురు" అంటూ పద్యం కూడా అప్పజెబుతున్నాడు. మాస్టారూ, వాడికి కొత్త సందేహం. ఉజ్జగించడం అంటే వదిలేయడమని అర్థమైంది, మరి ఆ మాట ఎక్కడిది?

వరంగల్ నుంచి:
సంస్కృతం ఉజ్ఝ్ ధాతువు, విడిచిపెట్టడం. అదే ప్రాకృతం మీదుగా వచ్చి ఉంటుంది.

పెద్దాపురం మాస్టారు:
అలా అయితే ఆ "గ" ఎక్కడిది? సాయంత్రం శబ్దరత్నాకరం నిఘంటువు తీస్తాను. "ఉరు" సంగతి కూడా ఇంకా తేలలేదు, వరంగల్ వారు వెళ్లిపోకండి.