గుల్మార్గ్‌లో వెదర్ పాడైన రోజు: స్కీయింగ్ ఆపేయాలా, కొనసాగించాలా?

కొండదారి (హైదరాబాద్)

మొన్న ఫిబ్రవరిలో నలుగురం గుల్మార్గ్ వెళ్లి ఐదు రోజుల బిగినర్ కోర్సులో చేరాం. మూడో రోజు మాలో మాకు వచ్చిన వాదన ఇంటికొచ్చినా తెగలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఆ రోజు పొద్దుటి నుంచీ వాన, మంచు కలిసి పడ్డాయి. గోల్ఫ్ కోర్సు వైపు కొత్తవాళ్లు నేర్చుకునే వాలు మీద మంచు అప్పటికే పల్చబడింది. అక్కడక్కడ గడ్డి, రాళ్లు తేలి కనిపిస్తున్నాయి. పైన గాలి ఎక్కువగా ఉందని గొండోలా (కేబుల్ కారు) రెండో ఫేజ్, అంటే కొండ పైభాగానికి వెళ్లేది, ఆపేశారు. పదింటికల్లా పొగమంచు కమ్మేసి, ఇరవై అడుగుల దూరంలో ఉన్న మనిషి కూడా ఆనలేదు. గ్లోవ్స్ తడిసి వేళ్లు కొంకర్లు పోయాయి. రెండుసార్లు పడ్డాను. రెండోసారి స్కీ తడి మంచులో ఇరుక్కుని మోకాలు మెలి తిరిగింది. పదకొండున్నరకి స్కీలు విప్పేసి గదికి వెళ్లిపోయాను. మా బావ మాత్రం "ఇంత డబ్బు పోసి వచ్చింది గదిలో కూర్చోడానికా?" అంటూ సాయంత్రం నాలుగింటి దాకా ఉన్నాడు. ఆయనకి ఏమీ కాలేదు. టర్న్ తిప్పడం తనకు ఆ రోజే పట్టుబడిందని ఇప్పటికీ చెప్తాడు.

నేననేది ఒకటే. కొత్తవాళ్లు అలాంటి రోజు వాలు ఎక్కకూడదు. మీరేమంటారు?

మంచుపిట్ట (విశాఖ)

నేను మీ బావగారి వైపే. మన దేశంలో మంచి రోజు కోసం ఆగితే స్కీయింగ్ ఎప్పటికీ రాదు. 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు ఎండిన గడ్డితో కనిపించాయి. 2025లో ఖేలో ఇండియా శీతాకాల పోటీలనే మంచు లేక ఫిబ్రవరి నుంచి మార్చికి జరపాల్సి వచ్చింది. పోటీలకే దిక్కు లేనప్పుడు, వారం సెలవు పెట్టి వెళ్లే మనకి ఎండ, మెత్తటి మంచు, కదలని గాలి అన్నీ ఒక్కసారే ఎలా దొరుకుతాయి?

నేను ఉత్తరాఖండ్‌లోని ఔలీలో నేర్చుకున్నాను. ఆరు రోజుల్లో నాలుగు రోజులు మబ్బే. తడి మంచులో స్కీ నెమ్మదిగా పోతుంది కాబట్టి భయం లేకుండా స్నోప్లౌ (స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి వేగం తగ్గించే పద్ధతి) పట్టుబడింది. పడినా పెద్దగా దెబ్బ తగల్లేదు. మీ మోకాలికి జరిగినదానికి బాధగా ఉంది, కానీ దాన్ని అందరికీ నియమంగా పెట్టడం సరికాదు.

బే ఏరియా తెలుగువాడు

పన్నెండేళ్లుగా కాలిఫోర్నియాలో లేక్ టాహో వైపు స్కీయింగ్‌కి వెళ్తున్నాను. మంచుపిట్ట గారూ, "నెమ్మదిగా పోతుంది కాబట్టి భయం లేదు" అన్న మాట దగ్గరే నాకు పేచీ.

మా దగ్గర పడే బరువైన తడి మంచుకి సియెర్రా సిమెంట్ అని పేరు. అందులో స్కీ నడపడమంటే దమ్ము చేసిన మడిలో కాలు తీసి కాలు వేసినట్టే. ఒక స్కీ ఠక్కున ఆగిపోతుంది, ఒళ్లు ముందుకు పోతుంది, మోకాలు మెలి పడుతుంది. స్పీడులో గట్టిగా పడితే బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) ఊడి కాలిని వదిలేస్తుంది. నెమ్మదిగా మెలి తిరుగుతూ పడినప్పుడు చాలాసార్లు ఊడదు. మోకాలి లిగమెంట్లు అలా చిన్నగా పడినప్పుడు కూడా తెగుతాయి. కొండదారి గారూ, వాపు తగ్గకపోయినా, నడుస్తుంటే మోకాలు జారినట్టు అనిపించినా ఒకసారి డాక్టర్‌కి చూపించండి. నేను ఆలస్యం చేసి ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్నాను.

ఇక వెలుతురు. మబ్బు పట్టిన రోజు నీడలు పడవు. ఎత్తు ఎక్కడో, పల్లం ఎక్కడో కంటికి తెలియదు, అంతా ఒకే తెలుపు. ఒక్కోసారి మనం ఆగామో, కదులుతున్నామో కూడా తెలియక కడుపులో తిప్పుతుంది. చెట్ల పక్కన అయితే కాండాల్ని చూసి వాలు అంచనా కట్టొచ్చు. పసుపు, గులాబీ లెన్స్ గాగుల్స్ కొంత సాయం చేస్తాయి. విశాలమైన ఖాళీ వాలు మీద కొత్తవాళ్లకి ఆ రెండు ఆధారాలూ ఉండవు.

ఇంకోటి. నాకు వాన పడే రోజు కన్నా ఆ మర్నాటి పొద్దున ఎక్కువ భయం. తడిసిన మంచు రాత్రి గడ్డకట్టి గాజు పలకలా తయారవుతుంది. ఆ రోజు ఆకాశం చక్కగా ఉంటుంది, అందుకే అందరూ ధైర్యంగా దిగుతారు.

మంచుపిట్ట (విశాఖ)

బైండింగ్ సంగతి నాకు తెలియదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా మూడో రోజంతా పూర్తిగా మానేయాలనే వాదన ఒప్పుకోను. పొగమంచు దిగేలోపు రెండు గంటలు టైం ఉంది కదా.

జీలం ఒడ్డున (కాకినాడ, ప్రస్తుతం శ్రీనగర్)

ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి మూడేళ్లు. రెండు విషయాలు చెప్పాలి.

కింది వాలు మీద మోకాలు పోతుంది, పైన ప్రాణమే పోతుంది. ఈ రెంటినీ కలిపి మాట్లాడొద్దు. డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్, అంటే ఇక్కడి గడ్డు చలికాలం. ఆ రోజుల్లో మంచు సరిగా పడకుండా చలి మాత్రమే ఉంటే, నేల మీదున్న పలుచటి పొర పంచదార పలుకుల్లా విడివడుతుంది. తర్వాత దాని మీద ఒక్కసారిగా అడుగులకొద్దీ కొత్త మంచు పడితే, ఆ బరువుని పట్టి ఉంచే శక్తి కింది పొరకి ఉండదు. 2024 జనవరి పొడిగా పోయింది, ఫిబ్రవరిలో భారీగా పడింది, 22న గుల్మార్గ్ పైన హిమపాతంలో ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరి 1న గుల్మార్గ్ పైనున్న అఫర్వాట్ కొండ దగ్గర ఇద్దరు పోలండ్ వాళ్లు. రెండో ఫేజ్ మూసేశారంటే ఆ రోజుకి పైకి వెళ్లే ఆలోచన వదిలేయండి. ఏదో ఒక దారి చూపిస్తామని ఎవరు చెప్పినా వినకండి.

రెండోది ఎవరూ ఎత్తలేదు. విడిగా గైడ్‌ని పెట్టుకునేవాళ్లు వెదర్ బాగాలేదని మధ్యాహ్నమే ఆపేసి, సగం డబ్బు చేతిలో పెట్టి పంపేయడం నేను కళ్లారా చూశాను. వాళ్లకి సంపాదన ఉండేదే ఏడాదికి రెండు మూడు నెలలు. మంచు రాని ఏడాది అదీ లేదు. ఆపితే కూలి పోతుందని తెలిసిన మనిషి "పదండి, పర్లేదు" అనక ఏమంటాడు? ఆపినా పూర్తి డబ్బు ఇస్తామని పొద్దున్నే చెప్పండి. అప్పుడు అతనిచ్చే సలహా నిజమైన సలహా అవుతుంది.

కొండదారి (హైదరాబాద్)

జీలం ఒడ్డున గారూ, ఆ రెండో మాట నాకు గట్టిగా తగిలింది. ఆ రోజు మా ఇన్‌స్ట్రక్టర్ రెండుసార్లు ఆకాశం వైపు చూసి, ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. మేం అడగలేదు. అడిగి ఉండాల్సింది.

మంచుపిట్ట గారూ, మీరన్న రెండు గంటలు నిజమే. పది వరకూ నేనూ బాగానే దిగాను. పొగమంచు దిగిన తర్వాత గంటన్నర ఎందుకు ఉన్నానంటే, బావ ముందు తగ్గడం ఇష్టం లేక. మోకాలు పోయింది ఆ గంటన్నరలోనే.

జనవరి చివర్లో మళ్లీ వెళ్తున్నాం, అదే నలుగురం. అద్దె స్కీలకి బైండింగ్ సెట్ చేయించుకోవడం ఎలాగో ఎవరైనా చెప్తారా? పోయినసారి మా బరువు కూడా ఎవరూ అడగలేదు.

బే ఏరియా తెలుగువాడు

బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగుభాగం పొడవు, మీరు కొత్తవారన్న సంగతి. ఈ ఐదూ కాగితం మీద రాసి షాపులో ఇవ్వండి. మీ కళ్లముందే సెట్ చేయమనండి. నలుగురికీ విడివిడిగా.