రస్ట్ భాషలో సర్వర్ రాయాలంటే ఎసింక్ తప్పదా? థ్రెడ్లు చాలవా?

బెల్లందూరు బ్యాకెండ్:
మా టీమ్‌లో వారం నుంచి ఇదే గొడవ. బండ్లలో పెట్టే జీపీఎస్ పరికరాలు 20 వేల దాకా మా సర్వర్‌కి కనెక్టయి ఉంటాయి. ఒక్కోటి అర నిమిషానికోసారి నాలుగు బైట్లు పంపి ఊరుకుంటుంది. అందరూ ఎసింక్ అంటున్నారు, అంటే ఒక పని డేటా కోసం ఆగితే అదే థ్రెడ్ మీద ఇంకో పని నడిపే పద్ధతి. కనెక్షన్‌కో థ్రెడ్ (ఆపరేటింగ్ సిస్టమ్ విడిగా నడిపే పని వరుస) చాలంటాను నేను. థ్రెడ్‌కి 2 ఎంబీ స్టాక్ (దాని సొంత పని మెమరీ) అని భయపెడతారు గానీ, ముట్టుకున్న పేజీలకే (చిన్న మెమరీ ముక్కలకే) లైనక్స్ అసలు మెమరీ ఇస్తుంది. ఎసింక్ అయితే ఒక ఫంక్షన్‌కి తగిలిస్తే దాన్ని పిలిచేవాటన్నిటికీ పాకుతుంది. కొత్తగా చేరిన పిల్లలు పిన్, సెండ్ అనే రస్ట్ నియమాల ఎర్రర్లతోనే రోజంతా కుస్తీ పడుతున్నారు.

మారతహళ్లి తెలుగోడు:
అన్నా, 20 వేల థ్రెడ్లు నడవవని నేననను. కానీ ఒక్కోదానికి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) వైపు ఇంకో 16 కేబీ స్టాక్ ఉంటుంది, అది నిజంగానే ఖర్చవుతుంది. మీ కోడ్ ఒక్క లైను నడవకముందే 300 ఎంబీ పైన పోయినట్టే. ఎసింక్ టాస్క్‌కి దాని స్టేట్ పట్టేంత చోటు చాలు. 2015లో 1.0 రాకముందే రస్ట్ గ్రీన్ థ్రెడ్లని (కెర్నల్ కాకుండా భాషే నడిపే థ్రెడ్లని) తీసేసింది, ప్రోగ్రామ్‌తో పాటు నడిచే రన్‌టైమ్ బరువు భాషలో ఉండకూడదని. 2019 నవంబర్‌లో 1.39తో వచ్చిన ఎసింక్ అవెయిట్ ఆ నియమానికి కట్టుబడే వచ్చింది.

కోరమంగళ సీనియర్:
బాబూ, నా అనుభవం వినండి. నాలుగు కోర్ల మెషిన్, ఎసింక్ టాస్కుల్ని నడిపే టోకియో లైబ్రరీకి నాలుగు వర్కర్ థ్రెడ్లు. ఎవరో ఎసింక్ ఫంక్షన్ లోపల మామూలు ఫైల్ రీడ్ పెట్టారు. రాత్రి రెండింటికి నెట్‌వర్క్ డిస్క్ నెమ్మదించింది. నాలుగు రిక్వెస్టులు ఆ రీడ్ దగ్గర ఇరుక్కున్నాయి, అంతే. సర్వర్ బతికుందా అని అడిగే హెల్త్ చెక్‌కి కూడా జవాబు లేదు, సీపీయూ చూస్తే ఖాళీ. అవెయిట్ (ఇక్కడ ఆగి వేచిచూడొచ్చు అనే గుర్తు) దగ్గరికి వస్తే తప్ప టాస్క్ వర్కర్‌ని వదలదు మరి. కంపైలర్ ఒక్క హెచ్చరికా ఇవ్వలేదు. తెల్లారేదాకా ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

బెల్లందూరు బ్యాకెండ్:
నేను చెప్పేదీ అదేనండీ! ఏ కనెక్షన్‌లో డేటా వచ్చిందో చెప్పే లైనక్స్ ఈపోల్ మామూలు ఫైళ్లని తీసుకోదు. టోకియో ఫైల్ ఫంక్షన్లు కూడా లోపల బ్లాకింగ్ థ్రెడ్లకే అప్పజెబుతాయి.

మారతహళ్లి తెలుగోడు:
ఫైళ్ల వరకు ఒప్పుకుంటా. 2019లో లైనక్స్ 5.1తో వచ్చిన ఐఓ యూరింగ్ (చదవడం, రాయడం కెర్నల్‌కే అప్పజెప్పే పద్ధతి) ఫైళ్లకీ పనిచేస్తుంది. కాకపోతే ఫ్యూచర్‌ని (ఇంకా పూర్తికాని ఎసింక్ పనిని) మధ్యలో డ్రాప్ చేసినా కెర్నల్ దానికిచ్చిన బఫర్‌లో (డేటా పెట్టే మెమరీలో) రాస్తూనే ఉండొచ్చు. అందుకే బఫర్‌ని అరువివ్వడం కుదరదు, ఓనర్‌షిప్పే ఇచ్చేయాలి. ఇప్పుడున్న లైబ్రరీల్లో చాలావరకు అలా కట్టినవి కావు. మీకైతే సాకెట్లకి (నెట్‌వర్క్ కనెక్షన్లకి) టోకియో, ఫైళ్లకి ఒక మామూలు థ్రెడ్, మధ్యలో హద్దున్న చానెల్ (ఇంతవరకే పట్టే క్యూ) పెట్టండి.

బెల్లందూరు బ్యాకెండ్:
సరే, ఈ వారం అలా రాసి, థ్రెడ్ల వెర్షన్ పక్కన పెట్టి కొలుస్తాను. చానెల్ నిండిపోతే పాత లొకేషన్లు పారేయమంటారా, సాకెట్ చదవడం ఆపమంటారా?

కోరమంగళ సీనియర్:
ఆపండి. టీసీపీ విండో (మన వైపు ఇంకా తీసుకోగల డేటా హద్దు) నిండి పరికరమే తగ్గుతుంది. పారేస్తే ఆ బండి ఎటు పోయిందో మళ్లీ తెలియదు.