సాధనకు అంతరాయం కలిగితే కాలేజీ ఫుట్‌బాల్ ఆట నాణ్యత తగ్గుతుందా? 2020 సీజన్‌పై చర్చ

ఉత్తరతీరం:
అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదివిన మనవాళ్లు చాలామంది అక్కడి కాలేజీ ఫుట్‌బాల్‌ను (బంతిని చేత్తో పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌ను) శ్రద్ధగా చూస్తారు కాబట్టి ఈ ప్రశ్న ఇక్కడ ఉంచుతున్నాను. మామూలుగా ప్రతి జట్టుకూ వసంతకాలంలో 15 ప్రాక్టీసులకు అనుమతి ఉంటుంది. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా అవి చాలా జట్లకు మధ్యలోనే ఆగిపోయాయి, కొన్నింటికి మొదలే కాలేదు. బిగ్ టెన్ కాన్ఫరెన్స్ (కొన్ని విశ్వవిద్యాలయాల జట్ల కూటమి) ఆగస్టు 11న సీజన్‌ను వాయిదా వేసి, సెప్టెంబరు 16న ఆ నిర్ణయాన్ని మార్చుకుని, అక్టోబరు చివర్లో ఆట మొదలుపెట్టింది. ఆ ఏడాది ఆట నిజంగా దిగజారిందా, లేక పరిస్థితి ముందే తెలియడం వల్ల మన కళ్లకు అలా తోచిందా?

నాలుగో డౌన్:
నిజంగానే దిగజారింది, అయితే అన్ని అంశాల్లోనూ సమానంగా కాదు. ఎక్కడ దిగజారిందో తెలియాలంటే సెప్టెంబరు 7న నేవీ (అమెరికా నౌకాదళ అకాడమీ), బీవైయూ (బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం) జట్ల మధ్య జరిగిన ఆట చూడాలి. తన ఆటగాళ్లకు వైరస్ సోకకూడదన్న ఆలోచనతో నేవీ కోచ్ కెన్ నియుమటలోలో శిక్షణ శిబిరంలో ఒకరినొకరు ఢీకొనే ప్రాక్టీసును పూర్తిగా ఆపించి, ట్యాక్లింగ్ (బంతి ఉన్నవాణ్ణి పడగొట్టడం), బ్లాకింగ్ (ఎదుటివాణ్ణి అడ్డుకోవడం) సాధనను డమ్మీలతోనే సరిపెట్టారు. ఉద్దేశం మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. ఫలితం మాత్రం బీవైయూ చేతిలో 55-3తో ఓటమి. ఓడిన తీరు ఇంకా బాధాకరం: నేవీ ఆటగాళ్లు ఉండవలసిన చోటికి చేరుకుంటున్నారు, చేరుకున్నాక ఎదుటివాణ్ణి పడగొట్టలేకపోతున్నారు. ఆట తర్వాత ఆ కోచ్ బాధ్యత తనదేనని బహిరంగంగా చెప్పి, ఢీకొనే ప్రాక్టీసును మళ్లీ మొదలుపెట్టించారు. సెప్టెంబరు 19న టులేన్‌తో ఆడినప్పుడు అదే జట్టు 0-24తో వెనకబడి, చివరి క్షణంలో కొట్టిన ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని తెచ్చే 3 పాయింట్లతో) 27-24తో గెలిచింది. ఆటగాళ్లు వాళ్లే, కోచ్ ఆయనే, మధ్యలో మారినది ప్రాక్టీసు పద్ధతి.

అంకెలు:
నాలుగో డౌన్ గారూ, మీరు ఎంచుకున్న ఉదాహరణ బలంగా కనిపిస్తున్నా అందులో ఇంకా చాలా కారణాలు కలిసి ఉన్నాయి. 2019లో నేవీ 11 ఆటలు గెలవడానికి మూలమైన క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) మాల్కమ్ పెర్రీ 2020 నాటికి జట్టులో లేడు. బీవైయూ కూడా సామాన్యమైన జట్టు కాదు, ఆ ఏడాది 11 గెలిచి ఒక్కటే ఓడింది. పైగా ఢీకొనే ప్రాక్టీసు మళ్లీ మొదలైన తర్వాత కూడా టులేన్ మొదటి సగంలోనే 24 పాయింట్లు చేసింది కదా. నేవీ చివరికి 3 గెలిచి 7 ఓడి సీజన్ ముగించింది. ఇక మొత్తం ఆట సంగతికి వస్తే, అక్టోబరు 10న అలబామా, ఓల్ మిస్ (మిసిసిపీ విశ్వవిద్యాలయం) జట్లు 63-48తో ముగిసిన ఆటలో బంతితో కలిసి 1,370 గజాలు ముందుకు సాగాయి. దాన్ని నాణ్యత తగ్గిన ఆట అని ఎలా అనగలం?

నాలుగో డౌన్:
పెర్రీ లేకపోవడం 3 పాయింట్లకే పరిమితం కావడాన్ని వివరిస్తుంది, 55 ఇవ్వడాన్ని వివరించదు. అతడు డిఫెన్స్‌లో (ఎదుటి జట్టును ఆపే విభాగంలో) ఆడేవాడు కాదు. టులేన్ ఆట మొదటి సగం నా మాటనే బలపరుస్తుందని నా అభిప్రాయం: నెలల తరబడి మానిన పని రెండు వారాల్లోపే ఒంటికి పూర్తిగా పట్టదు. మీరు చెప్పిన 1,370 గజాలను కూడా రెండో వైపు నుంచి చూడండి. అఫెన్స్ (బంతితో దాడి చేసే విభాగం) తన పాఠాన్ని వీడియోలు చూస్తూ, నడుస్తూ, ఖాళీ మైదానంలో బంతి విసురుకుంటూ చాలావరకు నేర్చుకోగలదు. పరుగెడుతున్న మనిషిని సరైన కోణంలో అందుకుని, తల పక్కకు ఉంచి, భుజంతో ఆపడం మాత్రం మరో మనిషి లేకుండా రాదు. ఈతను గట్టు మీద నేర్చుకోలేనట్టే ఇదీను. ఓల్ మిస్‌కు 647 గజాలు ఇచ్చిన అలబామా డిఫెన్స్ వారం తిరిగేసరికి జార్జియాను రెండో సగంలో ఒక్క పాయింటూ చేయనివ్వలేదు. అక్టోబరు 31న మిసిసిపీ స్టేట్‌ను 41-0తో ఓడించింది.

అంకెలు:
అదే అలబామా డిసెంబరు 19న ఫ్లోరిడాకు 46 పాయింట్లు ఇచ్చింది. అప్పటికి ప్రాక్టీసు కొరత ఏముంది? ప్రేక్షకుల గోల లేకపోవడం వల్ల ప్రత్యర్థుల మైదానాల్లో కూడా క్వార్టర్‌బ్యాక్ మాట అందరికీ స్పష్టంగా వినపడింది. ఎక్కువ స్కోర్లలో దాని వాటా ఎంతో మీరు లెక్కలోకి తీసుకోవడం లేదు.

రెండో వరుస:
ఇద్దరూ శిబిరాల గురించే మాట్లాడుతున్నారు. డిసెంబరు 5న కోస్టల్ కరోలైనాతో ఆడవలసిన లిబర్టీ జట్టు కోవిడ్ వల్ల తప్పుకుంటే, ఆ వారం మధ్యలోనే బీవైయూతో ఆట కుదిరింది. ప్రత్యర్థిని చదువుకోవడానికి దాదాపు సమయమే లేదు. అయినా 22-17తో కోస్టల్ గెలిచిన ఆ ఆట ఆ ఏడాది నేను చూసినవాటిలో ఎంతో శ్రేష్ఠమైనది. చివరి బంతికి బీవైయూ ఆటగాణ్ణి గోల్ గీతకు ఒక గజం ముందు ఆపిన ఆ ట్యాకిల్‌ను ఎవరైనా చూడవలసిందే.

నాలుగో డౌన్:
రెండో వరుస గారు చాలా ముఖ్యమైన తేడా చూపించారు. ఒక ప్రత్యర్థి కోసం చేసే సన్నద్ధత వేరు, ఆటకే పునాది అయిన సాధన వేరు. డిసెంబరు నాటికి రెండు జట్లకూ రెండోది పుష్కలంగా ఉంది కాబట్టి మొదటిది లోపించినా ఆట చెడలేదు. అంకెలు గారు చెప్పిన ప్రేక్షకుల విషయం పాక్షికంగా నిజమే, కానీ అది సీజన్ పొడవునా ఉన్న పరిస్థితి. సెప్టెంబరులోనే ఎక్కువగా కనిపించిన తడబాటుకు అది కారణం కాజాలదు. సెప్టెంబరు 26న, ముందు ఏడాది 15 ఆటలూ గెలిచి జాతీయ విజేత అయిన ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం) మీద మిసిసిపీ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ కోస్టెల్లో 623 గజాలు విసిరి 44-34తో గెలిపించాడు. కొత్త డిఫెన్స్ కోచ్ పద్ధతిని వసంతకాలపు ప్రాక్టీసులు చాలావరకు లేకుండానే నేర్చుకున్న జట్టు ఆ ఎల్‌ఎస్‌యూ.

అంకెలు:
మిసిసిపీ స్టేట్‌కు కూడా మైక్ లీచ్ కొత్త కోచే, వాళ్లకూ ఆ ప్రాక్టీసులు లేవు. ఎల్‌ఎస్‌యూ నుంచి ఆ ఏప్రిల్‌లో 14 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ (వృత్తి ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌లో ఎంపికై వెళ్లిపోయారు. ఇక బిగ్ టెన్‌కు చెందిన ఒహాయో స్టేట్ అంతకుముందు ఆరే ఆటలు ఆడి, జనవరి 1న క్లెమ్సన్‌ను 49-28తో ఓడించింది.

నాలుగో డౌన్:
వారం తర్వాత ఆర్కన్సా డిఫెన్స్ బంతి విసరడాన్ని అడ్డుకోవడానికి ఎనిమిది మందిని వెనక్కి దింపి ఆడగానే అదే మిసిసిపీ స్టేట్ 21-14తో ఓడిపోయింది. కొత్త పద్ధతి ఎదుటివారిని ఒకసారి ఆశ్చర్యపరచగలదు, కానీ రెండో జవాబు సిద్ధంగా ఉండాలంటే ప్రాక్టీసు కావాలి. ఒహాయో స్టేట్ విషయంలో మాత్రం మీ వాదన గట్టిదే; అంతటి ప్రతిభ ఉన్న జట్టు అంతరాయాన్ని ఇతరుల కంటే బాగా తట్టుకుంటుంది.

ఉత్తరతీరం:
ఒక సందేహం మిగిలింది. తలకు తగిలే దెబ్బల భయంతో ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల నియంత్రణ సంస్థ) 2021లో శిక్షణ శిబిరాల్లో ఢీకొనే ప్రాక్టీసుల మీద పరిమితులను ఇంకా బిగించింది. మీ వాదన ప్రకారం అది ఆటకు హాని కాదా?

నాలుగో డౌన్:
కాదు. నేవీలో జరిగింది తగ్గించడం కాదు, పూర్తిగా మానడం. తక్కువసార్లు, పద్ధతి ప్రకారం, కోచ్ కళ్ల ముందు ఢీకొన్న కుర్రవాడు ఆట రోజున తల ఎక్కడ పెట్టాలో తెలిసి దిగుతాడు. అసలు ఢీకొనకుండా దిగినవాడు ఆ పాఠాన్ని పూర్తి వేగంతో మీదికి వస్తున్న ప్రత్యర్థి దగ్గర నేర్చుకోవలసి వస్తుంది. ఆటగాళ్ల క్షేమం కోరేవాళ్లం కాబట్టే శిబిరంలో ఆ కొద్ది ప్రాక్టీసులను ఏ పరిస్థితిలోనూ తీసివేయకూడదని అంటున్నాను. రోజులు తగ్గించక తప్పకపోతే జట్టు ఎత్తుగడల పుస్తకంలోని కొత్తవాటిలో సగం పక్కన పెట్టవచ్చు.