హోమ్‌స్టెడ్ కాలపు ఇల్లాలు: రైతా, రైతు భార్యా?

నాగేటిచాలు: అమెరికాలో 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద నెబ్రాస్కా, కాన్సాస్‌లలో 160 ఎకరాల ప్రభుత్వ భూమి పట్టి, అయిదేళ్లు కాపురముండి భూమి పత్రం తెచ్చుకున్న కుటుంబాల గురించి ఎవరు రాసినా నాగలి, గోధుమ, మిడతలతో సరిపెడతారు. గోధుమ చేతికొచ్చేది ఏడాదికోసారి. 1874లో మిడతలు దిగిన చోట అదీ లేదు. కాఫీ, పంచదార, కిరసనాయిలు ఇంట్లోకి వచ్చింది వెన్న, గుడ్ల మీద. సబ్బు బూడిదతో, కొవ్వుతో ఇంట్లోనే చేసుకునేవారు. ఇవన్నీ ఇల్లాలి చేతి పనులు. కాబట్టి ఆవిడా రైతే. కాదనేవాళ్లు చెప్పండి.

బూడిదపీపా: సబ్బు ఏ బూడిదతో అండీ? కొవ్వును సబ్బు చేసే ఘాటైన క్షారం బూడిదలోంచి దిగాలంటే ఓక్, హికరీ లాంటి గట్టి కర్ర కావాలి. ఒహాయోలో దొరుకుతుంది. నెబ్రాస్కా మైదానంలో చెట్టేది? పొయ్యిలోకే ఎండిన పేడ, మెలిపెట్టిన గడ్డి. అక్కడ చాలామంది డబ్బాలో వచ్చే క్షారం కొనుక్కున్నవాళ్లే.

నాగేటిచాలు: మొక్కజొన్న బెండ్లు మర్చిపోయారు. వాటి బూడిదలో పొటాష్ అనే క్షారం దండిగా ఉంటుంది. పీపా అడుగున గడ్డి పరిచి, పైన బూడిద దట్టించి, వాననీళ్లు కొద్దికొద్దిగా పోస్తారు. కింద దిగిన నీళ్లలో గుడ్డు వేస్తే నాణెమంత మేర పైకి తేలాలి. మునిగితే పలచన, ఇంకా మరిగించాలి. మరీ పైకొస్తే ఘాటెక్కువ, చేతుల తోలు ఊడుతుంది. పొటాష్ సబ్బు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది, గట్టిపడాలంటే ఉప్పు వేయాలి.

బూడిదపీపా: తొలి ఏడాది గడ్డినేలను గొడ్డలితో చీల్చి, ఆ చీలికలో గింజ వేసేవారు. ఆ పంటకు ఎన్ని బెండ్లొస్తాయి? పైగా చాలాచోట్ల బావినీళ్లు కఠినం, సబ్బు విరిగి తెట్టు కడుతుంది. అందుకని ముందు ఉతుకునీళ్లలోనే క్షారం వేసి, పేరుకున్న తెట్టు తీసేసేవారు. ఒక ఉతుకు, ఒక మరుగు, ఒక జాడింపుకి 50 గ్యాలన్లు, అంటే 400 పౌన్ల నీళ్లు మోయాలి. సబ్బు ఊరికే వచ్చినట్టు రాయకండి.

అటకమీద: ఇది సబ్బు థ్రెడ్డా?

గోదారిగట్టు: నెబ్రాస్కాలో ఆ నేల చాలావరకు పానీ అనే ఆదివాసీ తెగది. 1870లలో వాళ్లను ఇప్పటి ఒక్లహోమాకు తరలించారు. వాళ్లలో మొక్కజొన్న సేద్యం ఆడవాళ్లదే. దీని గురించి ఒక్కరూ మాట్లాడరే?

మీగడతరక: అసలు డబ్బు వెన్నది, అక్కడ మాట్లాడుకోండి. పాలు వెడల్పాటి పళ్లేల్లో పోసి, చల్లని నేలమాళిగలో ఒక రోజు పైనే ఉంచి మీగడ తీస్తారు. అది కాస్త పులిశాక 60–62 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర చిలకాలి. వేడెక్కితే వెన్న తెల్లగా జిడ్డులా వచ్చి మజ్జిగను పట్టుకుంటుంది. చల్లబడితే గంటల తరబడి చిలికినా రాదు. గోధుమ గింజంత రవ్వలు కట్టగానే ఆపాలి. మజ్జిగ వంచేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. పౌనుకు ఔన్సు ఉప్పు. చేత్తో పిసికితే ఒంటి వేడికి పాడవుతుంది, చెక్క గరిటెతోనే. మజ్జిగ మిగిలితే కారుతుంది, చేదెక్కుతుంది. చలికాలంలో వెన్న పాలిపోతుంది గనక క్యారట్ రసం కలిపేవారు.

ఇంత చేసి దుకాణానికి తీసుకెళ్తే చాలామంది షావుకార్లు మంచిదీ చెడ్డదీ ఒకే పీపాలో వేసి, అందరికీ ఒకటే ధర కట్టేవారు. అదీ నగదు కాదు, సరుకు.

బూడిదపీపా: నేననేదీ అదే! ధర ఆవిడ చేతిలో లేదు. చాలాచోట్ల దుకాణం ఖాతా కూడా భర్త పేరునే. దీన్ని సంపాదన అనడం మీకు సరదాగా ఉందేమో.

నాగేటిచాలు: సరదానా? 1870 జనాభా లెక్కల్లో ఎన్యూమరేటర్లకు, అంటే ఇంటింటికీ తిరిగి లెక్క రాసేవాళ్లకు, ఇచ్చిన ఆదేశం చూడండి. సొంతింటి పని చూసుకుంటూ వేరే ఆదాయం లేని స్త్రీని "ఇల్లు చూసుకుంటోంది" అని రాయాలి. సాయం చేసే ఎదిగిన కూతురికైతే "వృత్తి లేదు". అదే ఏడు వ్యవసాయ పట్టికలో "వెన్న, ఎన్ని పౌన్లు" అని గడి పెట్టి, ఆ అంకె పొలం నడిపేవాడి పేరు పక్కన వేశారు. వెన్న లెక్కకొచ్చింది, తీసినావిడ రాలేదు. మీరూ అదే చేస్తున్నారు.

పొద్దుతిరుగుడు: మా అమ్మ పేరు పాస్‌బుక్కులో లేదు గనక ఆవిడా రైతు కాదన్నమాట. మంచిది.

బూడిదపీపా: అమ్మగారిని లాగకండి. పని తక్కువని నేనెక్కడ అన్నాను? మీరు రైతు అని బిరుదిస్తే ఆవిడకు దక్కనిది కూడా దక్కినట్టు చదువుతారు, నా కోపమంతా దాని మీదే. పెళ్లికాని స్త్రీ, వితంతువు తమ పేర భూమి పట్టుకోవచ్చు. కాపురంలో ఉన్న భార్యకు మామూలుగా ఆ వీల్లేదు. భర్త పోతే మాత్రం మిగిలిన గడువు పూర్తిచేసి పత్రం తన పేర తెచ్చుకోవచ్చు. అదే ఆవు, అవే చేతులు. ముందు రోజుదాకా చట్టానికి ఆవిడ ఎవరు?

నాగేటిచాలు: చట్టం రాయనిది మనమూ రాయొద్దంటే చరిత్ర ఎందుకు? కాన్సాస్‌నే తీసుకోండి. 1859 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం దంపతులిద్దరూ ఒప్పుకోనిదే ఇంటి భూమి అన్యాక్రాంతం చేయకూడదు. ఏమీ దక్కలేదనడం తప్పు.

బూడిదపీపా: అది భూమి చేయిదాటకుండా పెట్టిన కట్టు. దుకాణంలో జమైన వెన్న మీద ఆవిడకు ఏ హక్కుందో చెప్పండి.

మీగడతరక: దానికి రాష్ట్రానికో చట్టం, ఏటికో మార్పు. ఏ రాష్ట్రం, ఏ ఏడు అన్నది చెప్పకుండా మీరిద్దరూ తెల్లార్లూ కొట్టుకోవచ్చు.